ఓడినవాడి సంతకం

2024 అక్టోబర్ 31, గురువారం. వాషింగ్టన్

ఈ ఏడాది దీపావళి, హాలోవీన్ ఒకేరోజు పడ్డాయి. ఆష్‌బర్న్‌లో మా అన్నయ్య కూతురి ఇంటి గుమ్మానికి ఒకవైపు ప్రమిదలు, రెండోవైపు కళ్లూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయలు. "అత్తా, చీకటి పడేలోగా వచ్చెయ్. ఒక చేత్తో చాక్లెట్లు పంచుతూ ఇంకో చేత్తో హారతి ఇవ్వడం నా వల్ల కాదు" అంటూ మెట్రో కార్డు ఇచ్చి స్టేషన్ దగ్గర దింపింది.

ఉద్యోగమంతా గుంటూరు జిల్లా బళ్లలో సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. ఎన్నికలు వస్తే చాలు, ప్రిసైడింగ్ ఆఫీసరుగా డ్యూటీ పడేది. ఈవీఎం ఒళ్లో పెట్టుకుని రూటు బస్సులో మారుమూల ఊళ్లకి వెళ్లినవాళ్లకి, రిటైరయ్యాక కూడా పోలింగ్ అన్న మాట వినపడితే చెవులు అటే పోతాయి. నవంబర్ 5 మంగళవారం ఇక్కడ పోలింగ్. కమలా హారిస్, డొనాల్డ్ ట్రంప్ ఇద్దరూ సర్వేల్లో పక్కపక్కనే ఉన్నారు. అందుకే టికెట్టు ఈ తారీఖులకి తీసుకోమని మావాళ్లకి నేనే చెప్పాను.

వైట్‌హౌస్‌కి దక్షిణాన ఎలిప్స్ అని ఒక పచ్చిక మైదానం ఉంది. 2021 జనవరి 6న ట్రంప్ తన ఓటమిని ఒప్పుకునేది లేదని ప్రసంగించింది ఇక్కడే. విన్నవాళ్లలో చాలామంది అటునుంచి అటే కాపిటల్ అనే పార్లమెంటు భవనం మీదికి వెళ్లారు. మొన్న మంగళవారం కమలా హారిస్ సరిగ్గా ఇదే చోట సభ పెట్టారు. చోటు ఎంచుకోవడంలోనే సగం ప్రసంగం అయిపోయింది. చుట్టుపక్కల కొన్ని దుకాణాల అద్దాలకి ప్లైవుడ్ చెక్కలు బిగిస్తున్నారు. మరమ్మతులా అని అడిగాను. కాపలా అతను "ఎలక్షన్" అని ఊరుకున్నాడు. మా దగ్గర పోలింగ్ ముగిసే వేళకి ముందు 48 గంటలు మూయించేది మద్యం దుకాణాల్ని. ఇక్కడ కాఫీ షాపులకి చెక్కలు కొట్టుకుంటున్నారు.

అక్కడినుంచి కాపిటల్ దాకా నడిచాను. పడమటి వైపు మెట్ల మీద ప్రమాణ స్వీకార వేదిక కడుతున్నారు. గెలిచేదెవరో తెలియకుండానే సెప్టెంబరులో పని మొదలైంది, నాలుగేళ్లకోసారి ఇదే పద్ధతి. ఒకరు దిగుతారు, ఒకరు ఎక్కుతారు అన్న నమ్మకమే ఈ చెక్కలకీ ఇనుప గొట్టాలకీ ఆధారం. 2021లో జనవరి 6న జనం ఎక్కింది ఇలాంటి వేదిక మీదికే. అప్పుడు అది బైడెన్ కోసం సిద్ధమవుతోంది. కంచె బయట నిలబడి చాలాసేపు చూశాను. మ్యూజియంలకి టైము చాలలేదు, పెద్దగా బాధ కూడా వెయ్యలేదు.

దారిలో కార్ల నంబరు పలకల మీద ఒక నినాదం కనిపించింది: ప్రాతినిధ్యం లేని పన్ను ఆపండి అని. ఈ రాజధానిలో దాదాపు ఏడు లక్షల మంది ఉన్నారు. 1961 రాజ్యాంగ సవరణ పుణ్యమా అని అధ్యక్ష ఎన్నికలో వీళ్లకి, గెలుపు తేల్చే ఎలక్టోరల్ ఓట్లు మూడు వచ్చాయి గానీ, కాంగ్రెస్‌లో ఓటేసే సభ్యుడు ఈరోజుకీ ఒక్కడు లేడు. ప్రజాస్వామ్యానికి రాజధాని అనిపించుకునే ఊళ్లో, పన్ను కట్టి ఓటు లేని జనం!

నవంబర్ 1, శుక్రవారం. ఆష్‌బర్న్

రోజంతా ఇంట్లోనే. నిన్నటి బొబ్బట్లు, రాజకీయాలు.

ఈ ఇంట్లో ఓట్లు చీలిపోయాయి. ఈ ఊరున్న వర్జీనియాలో ముందస్తు ఓటింగ్ సెప్టెంబర్ 20నే మొదలైంది. మొగుడూ పెళ్లాం ఒకే కారులో వెళ్లి, ఒకరి ఓటు ఒకరు కొట్టేసి వచ్చారు. అల్లుడిది ఒకటే వాదన: "అత్తయ్యా, నేను లైన్లో నిలబడి, లాయర్లకి ఫీజులు పోసి సిటిజెన్ అయ్యాను. బార్డరు దాటి వచ్చినవాళ్లకీ నాకూ తేడా లేదంటే ఎలా? పైగా సరుకుల రేట్లు చూశారా?" పిల్లది వంటింట్లోంచే అందుకుంది: "రేట్లు తగ్గిస్తాడో పెంచుతాడో తర్వాత సంగతి. ఓడితే దిగిపోతానని చెప్పనివాడికి ఓటెలా వేస్తాను అత్తా?"

ఇద్దరూ నా మొహం చూశారు. ఎన్నికల డ్యూటీ చేసినవాళ్లకి అభిప్రాయాలుండవని తప్పించుకున్నాను. వేలికి సిరా చుక్క ఏదని అడిగితే, ఇద్దరూ ఫ్రిజ్ తలుపుకి అంటించిన స్టిక్కర్లు చూపించారు. నేను ఓటేశాను అని ఉంది వాటి మీద. అదే ఇక్కడి సిరా.

వాట్సాప్ గ్రూపులు మరీ వేడిగా ఉన్నాయి. ట్రంప్ దీపావళి సందేశంలో బంగ్లాదేశ్ హిందువుల గురించి రాసిన మాటలు పొద్దుటి నుంచి పది గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ట్రంప్ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జేడీ వాన్స్ భార్య ఉష చిలుకూరి వాళ్లది తణుకు దగ్గర వడ్లూరు కాబట్టి ఆవిడ మన అమ్మాయి. కమల తల్లి శ్యామల గోపాలన్ తమిళనాడు నుంచి వచ్చింది కాబట్టి ఆవిడ పక్కింటి అమ్మాయి. పాలసీల గురించి ఒక్క మెసేజీ లేదు. మనం ఎక్కడికెళ్లినా ఎన్నికలంటే ముందు చుట్టరికం వెతుక్కుంటాం.

నవంబర్ 2, శనివారం. గెటిస్‌బర్గ్

అల్లుడు 15వ నంబరు రోడ్డు మీద గెటిస్‌బర్గ్ దాకా తీసుకొచ్చాడు. ఎక్స్‌టన్ నుంచి మా చెల్లెలి కొడుకు ఎదురొచ్చి నన్ను అక్కడ అందుకోవాలని ఏర్పాటు. యుద్ధభూమి పార్కింగులో నా సూట్‌కేసు, పచ్చడి సీసాలు ఒక డిక్కీలోంచి ఇంకో డిక్కీలోకి మారుతుంటే, ఆ జాగ్రత్తలూ ఆ చేతులు పట్టుకోవడాలూ అచ్చం పెళ్లి అప్పగింతల్లా ఉన్నాయి.

మేరీల్యాండ్ దాటి పెన్సిల్వేనియాలో అడుగుపెట్టగానే తేడా తెలిసిపోయింది. ప్రతి పెరట్లో ఒక బోర్డు. హాలోవీన్ కోసం నిలబెట్టిన అస్థిపంజరాల చేతుల్లో కూడా అభ్యర్థుల బోర్డులే. గెలవడానికి మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 కావాలి. అందులో పెన్సిల్వేనియావి 19, ఇక్కడ గెలిచినవాళ్లకే అన్నీ. ఎటైనా మొగ్గే రాష్ట్రాలు ఏడుంటే వాటిలో ఇదే పెద్దది. 2016లో ట్రంప్ ఇక్కడ 44 వేల చిల్లర ఓట్లతో గెలిచారు, 2020లో బైడెన్ 80 వేల చిల్లరతో. అంటే మన దగ్గర ఒక అసెంబ్లీ స్థానంలో వచ్చే మెజారిటీ, ఇక్కడ దేశాన్ని అటూ ఇటూ తిప్పుతోంది. దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చినా ఓడిపోవచ్చు. 2000లోనూ 2016లోనూ అదే జరిగింది. ఈ లెక్క పదో తరగతి పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా, "మరి ఎక్కువ వచ్చినవాడు ఓడిపోవడమేంటి టీచర్" అని అడిగేవాళ్లు. నా దగ్గర ఎప్పుడూ మంచి జవాబు లేదు.

గెటిస్‌బర్గ్‌లో 1863 జులై మొదటి మూడు రోజుల్లో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 50 వేల పైమాటే. అదే ఏడాది నవంబర్ 19న ఇక్కడి శ్మశానం దగ్గర లింకన్ చేసిన రెండు నిమిషాల ప్రసంగం మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది. ప్రజల చేత, ప్రజల కొరకు అంటూ పిల్లల చేత బట్టీ పట్టించాను. నాకు ఇక్కడ ఎక్కువగా గుర్తొచ్చింది మాత్రం ఆ ప్రసంగం కాదు, ఆ తర్వాతి ఏడాది ఆయన మడిచి దాచిన ఒక కాగితం.

1864లో అంతర్యుద్ధం మధ్యలోనే ఎన్నిక వచ్చింది. వాయిదా వెయ్యమని చెప్పినవాళ్లున్నారు. లింకన్ వెయ్యలేదు. ఆగస్టు 23న, తాను గెలిచే సూచనలు లేవని, అలా జరిగితే కొత్తగా ఎన్నికైన వ్యక్తి పదవి చేపట్టేలోగా అతనితో కలిసి దేశాన్ని కాపాడటం తన బాధ్యత అని ఒక కాగితం మీద రాశారు. లోపల ఏముందో చూపించకుండా మంత్రులందరి చేత వెనకవైపు సంతకాలు పెట్టించారు. ఎదుటి అభ్యర్థి ఎవరో కాదు, తాను సేనాధిపతి పదవి నుంచి తీసేసిన మెక్లెలన్. నవంబరులో లింకనే గెలిచారు. ఆ కాగితంతో అవసరం పడలేదు. కానీ ఓడితే ఏం చెయ్యాలో ముందే రాసుకుని సాక్షి సంతకాలు తీసుకున్న మనిషి ఆయన.

మావాడు మాత్రం యుద్ధం కన్నా దాని తర్వాత వచ్చిన 14వ సవరణ గురించే అడిగాడు. 1868లో వచ్చింది, ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు ఈ దేశ పౌరులని చెబుతుంది అన్నాను. "తెలుసు పెద్దమ్మా. అందుకే అడుగుతున్నా" అన్నాడు. వాడికి ఒక కూతురు. ఇక్కడే పుట్టింది, రెండో క్లాసు.

అక్కడినుంచి 30వ నంబరు రోడ్డు, యార్క్, లాంకస్టర్. గుర్రపు బళ్లలో ఆమిష్ జనం, కార్లకీ యంత్రాలకీ దూరంగా బతికే క్రైస్తవులు. ఈసారి వాళ్ల చేత కూడా ఓట్లు వేయించాలని ట్రంప్ పార్టీ రిపబ్లికన్లు ఇల్లిల్లూ తిరుగుతున్నారట.

నవంబర్ 3, ఆదివారం. ఎక్స్‌టన్

తెల్లవారుజామున గడియారాలన్నీ గంట వెనక్కి జరిగాయి. నేనొక్కదాన్నే పాత టైముకి లేచి, చీకట్లో కాఫీ పెట్టుకుని, వంటింటి బల్ల మీద పోగుపడ్డ కరపత్రాలు చదివాను. పోస్టులో రోజుకో కట్ట వస్తున్నాయట. ఒకదాంట్లో కమల దొంగలకి తలుపులు తీసే మనిషి, ఇంకోదాంట్లో ట్రంప్ నియంత. టీవీలో ఎనిమిది ప్రకటనలు వస్తే ఏడు ఇవే, ఎనిమిదోది కీళ్లనొప్పుల మందు.

పది దాటాక టీవీలో ట్రంప్ సభ వచ్చింది. ఇక్కడికి గంట దూరంలో, లిటిట్జ్ దగ్గర విమానాశ్రయంలో. 2021లో తాను వైట్‌హౌస్ వదిలి రాకుండా ఉండాల్సిందని అన్నారు. తన ముందున్న బుల్లెట్ ప్రూఫ్ అద్దాల సందు చూపించి, తనని కాల్చాలంటే మధ్యలో విలేకరుల మీదుగా కాల్చాలని, దానికి తనకేమంత అభ్యంతరం లేదని కూడా అన్నారు. జులై 13న ఇదే రాష్ట్రంలోని బట్లర్‌లో ఆయన చెవికి తూటా తగిలింది, సభకి వచ్చిన ఒక మనిషి చనిపోయాడు. అది జరిగి నాలుగు నెలలు కాలేదు. మావాడు రిమోటు తీసి కట్టేశాడు. కోడలు ఏమీ అనకుండా ఇడ్లీ పళ్లాలు తెచ్చి పెట్టింది.

మధ్యాహ్నం ఇద్దరు ప్రచారకులు తలుపు కొట్టారు. కాలేజీ పిల్లలు, మంచి మర్యాదస్తులు. నాకు ఓటు లేదని మావాడు చెప్పాడు. అయినా కరపత్రం చేతిలో పెట్టి పోయారు. వాడు ఇక్కడికొచ్చి పన్నెండేళ్లు. హెచ్1బి మీదే ఉన్నాడు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెట్టింది 2017లో. ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వరు కాబట్టి భారతీయుల క్యూ ఇప్పటికి 2012లో దరఖాస్తు పెట్టినవాళ్ల దగ్గరుంది. పన్ను ఏటా కడుతున్నాడు. రాజధానిలో చూసిన నంబరు పలక మాట చెబితే, "మా పార్కింగ్ లాట్‌లో సగం కార్లకి అది పెట్టుకోవచ్చు పెద్దమ్మా" అన్నాడు.

వాడి టెన్షన్ అంతా పాప గురించే. తల్లిదండ్రుల్లో ఒక్కరికైనా పౌరసత్వమో శాశ్వత నివాసమో లేకపోతే ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆటోమేటిగ్గా పౌరసత్వం రాకుండా, గెలిస్తే పదవిలో మొదటిరోజే ఉత్తర్వు ఇస్తానని ట్రంప్ 2023లో వీడియో పెట్టారు. ఇప్పటికే పుట్టినవాళ్లకి ఇబ్బంది లేదని లాయర్లు చెబుతున్నారు. వీడికి నమ్మకం కుదరడం లేదు. "రాజ్యాంగంలో రాసి ఉంది కదరా, ఒక్క ఉత్తర్వుతో పోతుందా" అన్నాను. "రాసి ఉన్నవన్నీ జరిగితే జనవరి 6 ఎందుకు జరిగింది?" అన్నాడు.

సాయంత్రం వాడి స్నేహితులు వచ్చారు. అందరూ తెలుగువాళ్లే, ఒక్కడికి తప్ప ఓటు లేదు, అందరికీ గొంతుంది. బక్స్ కౌంటీలో ట్రంప్‌కి వేసిన పోస్టల్ ఓట్లు చింపేస్తున్నారని పది రోజుల కింద తిరిగిన వీడియో ఒకతని ఫోన్లో ఇంకా ఉంది. అది నకిలీదని కౌంటీ అధికారులు వెంటనే చెప్పారు, రష్యావాళ్లు తయారు చేసిందని ఎఫ్‌బీఐ కూడా చెప్పింది. ఆ సంగతి అతనికీ తెలుసు. "అయినా, ఏదో జరుగుతుంటుందిలెండి" అన్నాడు. నకిలీదని తెలిశాక కూడా మిగిలిపోయే ఆ "ఏదో" ఉందే, నాకు దానితోనే భయం.

ఎలాన్ మస్క్ తన పిటిషన్ మీద సంతకం పెట్టిన ఓటర్లలో రోజుకొకరికి పది లక్షల డాలర్లు ఇస్తున్నారన్న మాట కూడా వచ్చింది. మన దగ్గర ఓటుకి ఇచ్చేది రాత్రిపూట, కవరులో పెట్టి. ఇక్కడ స్టేజి మీద, ఫొటోలు దిగుతూ.

నవంబర్ 4, సోమవారం. ఫిలడెల్ఫియా

రైల్లో వెళ్లాం. మావాడు సెలవు పెట్టాడు, పాపకి బడి.

ఇండిపెండెన్స్ హాలు చిన్నది. 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1787 రాజ్యాంగం, రెండూ ఒకే గదిలో. ఆ గదిలో జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ ఉంది, దాని వీపు మీద సగం సూర్యుడి బొమ్మ. ఉదయించేదా అస్తమించేదా అని రాజ్యాంగ సభలో ఉన్న ఫ్రాంక్లిన్ సంశయపడి, చివరికి ఉదయించేదే అన్న కథ గైడు చెప్పగానే, ముందు వరసలో ఒకాయన "ఇప్పుడు అడగండి ఆయన్ని" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరు ఏ పార్టీయో తెలియదు గానీ నవ్వు మాత్రం ఒకటే.

నాకు నచ్చింది పక్కనున్న కాంగ్రెస్ హాలు. దానికి ఇంత జనం లేరు. ఫిలడెల్ఫియా రాజధానిగా ఉన్న పదేళ్లూ కాంగ్రెస్ ఇక్కడే కూర్చుంది. 1797 మార్చి 4న కింది హాల్లో రెండో అధ్యక్షుడిగా జాన్ ఆడమ్స్ ప్రమాణం చేశారు. వాషింగ్టన్ దిగిపోయి పక్కన కూర్చున్నారు. బతికున్న పాలకుడు తనంతట తాను దిగి ఇంకొకరికి కుర్చీ ఇవ్వడం ఆనాటి లోకానికి వింత, చాలామంది కంటతడి పెట్టారట. బయటికి వెళ్లేటప్పుడు కొత్త అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ ముందు నడవాలని వాషింగ్టన్ పట్టుబట్టి తాను వెనక నడిచారని రేంజర్ చెప్పింది. నేను హాయిగా బయటపడ్డాను, నువ్వు ఇరుక్కున్నావు, ఎవరు సుఖపడతారో చూద్దాం అన్నట్టుంది ఆయన మొహం అని ఆడమ్స్ మర్నాడు భార్యకి ఉత్తరం రాశారు.

అదే ఆడమ్స్ నాలుగేళ్లకి జెఫర్సన్ చేతిలో ఓడిపోయి, ప్రమాణ స్వీకారానికి ఉండకుండా తెల్లవారుజామున బండెక్కి ఊరెళ్లిపోయారు. కోపం, అవమానం. అయినా వెళ్లారు. మర్యాదగా వెళ్లడం, మొహం మాడ్చుకుని వెళ్లడం, రెండూ నాకు సమ్మతమే. వెళ్లకపోవడంతోనే పేచీ.

నేను ఈ మాట అంటే మావాడు 2020 గుర్తుచేశాడు. ఈ రాష్ట్రంలో పోస్టల్ ఓట్ల కవర్లు పోలింగ్ రోజు పొద్దున ఏడింటి దాకా తెరవకూడదని చట్టం. అప్పుడు కరోనా వల్ల అవి లక్షలకి లక్షలు వచ్చి పడ్డాయి. పోలింగ్ బూత్‌లలో పడ్డవి ముందు లెక్కించారు, వాటిలో ట్రంప్‌వి ఎక్కువ. పోస్టల్ ఓట్లు విప్పే కొద్దీ బైడెన్‌వి పెరిగాయి. మంగళవారం పోలింగ్ అయితే శనివారానికి గానీ తేలలేదు. ఆ నాలుగు రోజులు అనుమానానికి బాగా పనికొచ్చాయి. అరవైకి పైగా కేసులు వేశారు, దాదాపు అన్నీ కొట్టేశారు. ట్రంప్ నియమించిన జడ్జీలు కూడా. ఇంత జరిగినా, ముందుగా కవర్లు విప్పే వీలిస్తూ చట్టం మార్చడానికి రాష్ట్రంలో రెండు పార్టీలూ ఒప్పందానికి రాలేకపోయాయి. ప్రతిసారీ అదే ఆలస్యం, అదే అనుమానం.

అప్పుడు ఫిలడెల్ఫియా నగర ఎన్నికల కమిషనర్లలో ఆల్ ష్మిట్ అని ఒక రిపబ్లికన్ ఉన్నారు. లెక్కింపులో మోసం లేదని తన పార్టీకి వ్యతిరేకంగా చెప్పారు. ట్రంప్ ట్విట్టర్‌లో ఆయన పేరు పెట్టి రాశాక ఇంట్లో పిల్లల్ని కూడా చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఇప్పుడు రాష్ట్రం మొత్తం ఎన్నికలు చూసే అధికారి ఆయనే, నియమించింది కమల పార్టీ, అంటే డెమోక్రాట్ గవర్నరు. ఈసారి లెక్కింపు ఊరికి ఈశాన్యంగా ఒక గోదాములో. చుట్టూ కంచె, దాని మీద ముళ్ల తీగ. టీవీలో చూపిస్తుంటే మా మార్కెట్ యార్డు స్ట్రాంగ్ రూములు గుర్తొచ్చాయి. మాకు సాయుధ పోలీసులుండటం మామూలే, ఎవరూ విడ్డూరం అనుకోరు. ఇక్కడివాళ్లకి అది కొత్త, ఆ కొత్తదనమే వాళ్లని బాధపెడుతోంది.

రాత్రి ఆర్ట్ మ్యూజియం మెట్ల దగ్గర కమలా హారిస్ ఆఖరి సభ. పార్క్‌వే పొడుగునా జనం. ఓప్రా విన్‌ఫ్రే, లేడీ గాగా వచ్చారు. కమల మాట్లాడేసరికి అర్ధరాత్రి కావస్తోంది. మేం స్టేజికి చాలా దూరంలో ఉన్నాం, తెర మీద బొమ్మే. నా పక్కన ఒక పెద్దావిడ మడత కుర్చీ తెచ్చుకుంది, కాసేపు నాకు ఇచ్చింది. గెలుస్తారా అని అడిగితే, "గెలవడం సంగతి కాదు, తర్వాత జనవరి దాకా ఏం జరుగుతుందో అదే" అంది. ఆ జనవరి 6న ఎలక్టోరల్ ఓట్ల లెక్కింపుకి ఉపాధ్యక్షురాలి హోదాలో అధ్యక్షత వహించాల్సింది ఈ కమలే. ఉపాధ్యక్షుడికి ఫలితం మార్చే అధికారం లేదని 2022లో చట్టం చేసి మరీ రాసుకున్నారు. నాలుగేళ్ల కిందటి దాకా అది రాసుకోవాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు.

నవంబర్ 5, మంగళవారం. ఎక్స్‌టన్

పోలింగ్ చూడాలన్న నా కోరిక తీర్చడానికి మావాడు పొద్దున్నే దగ్గర్లోని చర్చి హాలు దగ్గరికి తీసుకెళ్లాడు. గుమ్మానికి పది అడుగుల అవతలే రెండు పార్టీల వాళ్లూ బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. మా దగ్గర ఇది వంద మీటర్లు. ఈ పది అడుగుల్లో మా పల్నాడులో అయితే తలలు పగులుతాయి. వీళ్లు ఒకరి డోనట్లు ఒకరు తింటున్నారు.

ఓటరు వచ్చి పేరు చెప్పి సంతకం పెడతాడు. ఆ బూత్‌లో మొదటిసారి ఓటేసేవాళ్లు తప్ప కార్డు చూపించక్కర్లేదు. చెస్టర్ కౌంటీలో కాగితం మీద గడులు పెన్నుతో నింపి స్కానర్‌లో పెట్టడమే. మన మే 13 పోలింగ్‌లో మండే ఎండలో రాత్రి దాకా సాగిన క్యూలు తలుచుకుంటే ఇది పెళ్లి భోజనాల క్యూ కూడా కాదు.

చలిగాలి కోసం బయటికి వచ్చిన ఒకావిడ నా చీర చూసి పలకరించింది. ఈ బూత్‌కి ఆవిడే జడ్జ్ ఆఫ్ ఎలక్షన్స్, అంటే మన ప్రిసైడింగ్ ఆఫీసరు. రిటైర్డ్ టీచరే. నేనూ అదే ఉద్యోగం, అదే డ్యూటీ అని మావాడు చెప్పాక ఇక మాకు మాటలకి కొదవ లేదు. ఆవిడని ఎవరూ డ్యూటీ వెయ్యలేదు. ఇరుగుపొరుగు ఓట్లేసి నాలుగేళ్లకి ఎన్నుకున్నారు! తోడుగా ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. వాళ్లనీ ఎన్నుకుంటారు, కానీ ఒక్కో ఓటరుకి ఒకటే ఓటు. ఎక్కువ వచ్చినవాళ్లు మెజారిటీ ఇన్‌స్పెక్టరు, రెండో స్థానంలో వచ్చినవాళ్లు మైనారిటీ ఇన్‌స్పెక్టరు. ఓడినవాళ్లకి కూడా బల్ల దగ్గర కుర్చీ వేసి ఉంచారన్నమాట. రాత్రి స్కానర్‌లోంచి వచ్చే లెక్క కాగితం మీద ముగ్గురూ సంతకం పెడతారు, ఒక ప్రతి తలుపుకి అంటిస్తారు.

నేను మా 17సి ఫారం గురించి చెప్పాను. పోలైన ఓట్ల లెక్క రాసి ఏజెంట్ల చేత సంతకాలు పెట్టించి తలా ఒక ప్రతి ఇస్తాం. గెలుస్తామన్న ధీమా ఉన్నవాడి ఏజెంటు చూడకుండానే గీకేస్తాడు. ఓడిపోతామని వాసన తగిలిన పార్టీ ఏజెంటు మాత్రం ప్రతి అంకె చదువుతాడు, సీలు మీద నంబరు చూస్తాడు, అప్పుడు పెడతాడు. నాకు ఆ సంతకమే కావాలి. అది పడ్డాక రాత్రి బస్సులో నిద్ర పట్టేది. ఆవిడ తల ఊపింది. ఈసారి ట్రైనింగ్‌లో ఓట్లెలా లెక్కపెట్టాలో కన్నా, కోపంగా వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలో ఎక్కువసేపు నేర్పారని చెప్పింది. జార్జియాలో రూబీ ఫ్రీమన్, షే మాస్ అనే తల్లీకూతుళ్ల కథ ఇద్దరికీ తెలుసు. ఓట్లు లెక్కపెట్టిన పాపానికి దొంగలని ముద్ర వేస్తే ఇల్లు వదిలి పోవాల్సి వచ్చింది, చివరికి కోర్టులో 14.8 కోట్ల డాలర్ల పరిహారం గెలిచారు. "డబ్బు సరే, మళ్లీ బల్ల దగ్గర కూర్చోలేరుగా" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నుంచి టీవీ. కొన్ని రాష్ట్రాల్లో పోలింగ్ కేంద్రాలకి బాంబు బెదిరింపులు, ఉత్తివే. చాలావాటి మూలం రష్యా ఈమెయిళ్లని ఎఫ్‌బీఐ చెప్పింది. నాలుగున్నర ప్రాంతంలో ఫిలడెల్ఫియాలో భారీ మోసం జరుగుతోందని ట్రంప్ పోస్టు పెట్టారు. నగర కమిషనర్లలో రిపబ్లికన్ అయినాయనే అందులో ఒక్క ముక్క నిజం లేదని ఖండించారు. ఇదిగో మొదలైంది అనుకున్నాం. మన తెలుగు ఛానళ్లలో వడ్లూరు, కమల తాతగారి ఊరు తులసేంద్రపురం గుళ్లలో పూజలు చూపిస్తున్నారు.

ఇక్కడ గెలిచారని ముందుగా చెప్పేది ఎన్నికల సంఘం కాదు, పత్రికా సంస్థలు. ఒక్క ఈ రాష్ట్రంలోనే 67 కౌంటీలు, ఎవరి లెక్క వారిదే. అర్ధరాత్రి దాటి రెండున్నర కావస్తుండగా పెన్సిల్వేనియా ట్రంప్‌దని అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ చెప్పింది. కోడలు అప్పటికే పడుకుంది.

నవంబర్ 6, బుధవారం. ఎక్స్‌టన్

తెల్లవారి అయిదున్నరకి విస్కాన్సిన్ కూడా తేలి 270 దాటేసింది. నాలుగు రోజులు పట్టలేదు, అల్లర్లు లేవు.

ఫిలడెల్ఫియా భారీ మోసం ఏమైంది? రాత్రికి రాత్రే మాయమైంది. దాని గురించి పొద్దున ఎవరూ ఎత్తలేదు. అవే గోదాములు, అవే స్కానర్లు, అవే పోస్టల్ కవర్లు, అన్నీ ఒక్కసారిగా పవిత్రమైపోయాయి. ఆష్‌బర్న్ అల్లుడు ఫోన్ చేసి, "చూశారా అత్తయ్యా, అంతా ప్రశాంతం. అనవసరంగా భయపెట్టారు" అన్నాడు. ప్రశాంతమే. కానీ ఓడితే ఒప్పుకోని అలవాటున్న పక్షం గెలిచింది కాబట్టి ప్రశాంతం. పరీక్ష పాసయ్యారని ఎలా అంటాం, పరీక్షే జరగలేదు కదా. అల్లుడితో పొద్దున్నే వాదన ఎందుకని ఊరుకున్నాను.

మనకి నవ్వే హక్కూ లేదు. 2019లో ఓడిన తెలుగుదేశానికి ఈవీఎంల మీద అనుమానం. 2024లో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్‌కి అదే అనుమానం. గెలిచినప్పుడు ఇద్దరికీ అవే యంత్రాలు బంగారం. మొన్న మేలో మాచర్ల నియోజకవర్గంలో ఒక పోలింగ్ కేంద్రంలో ఈవీఎంని నేలకేసి కొట్టిన వీడియో చూసినప్పుడు, ఆ గదిలో బల్ల వెనక కూర్చున్న సిబ్బంది మొహాలే నేను చూశాను.

సాయంత్రం నాలుగు దాటాక కమల తాను చదువుకున్న హోవార్డ్ యూనివర్సిటీలో మాట్లాడారు. ఓడితే ఫలితాన్ని ఒప్పుకోవాలి, ప్రజాస్వామ్యానికీ నియంతృత్వానికీ తేడా అదే అన్నారు. ట్రంప్‌కి ఫోన్ చేసి అభినందించానని, అధికార మార్పిడికి సహకరిస్తానని చెప్పారు. ముందు వరసల్లో ఆడపిల్లలు ఏడుస్తున్నారు. అంటే జనవరి 6న ఆవిడ తన ఓటమిని తానే చదివి ప్రకటించాలి. 17సి మీద అంకెలన్నీ చదివి సంతకం పెట్టే ఏజెంటు ఆవిడే ఈసారి.

మావాడు ప్రసంగం సగం విని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పాపకి పాస్‌పోర్టు తీసుకోలేదు ఇంతవరకు, అవసరం పడలేదు. ఇప్పుడు జనన ధ్రువపత్రం ఒక్కటే సరిపోదని వాడి భయం. పదహారు లోపు పిల్లలకైతే తల్లీతండ్రీ ఇద్దరూ వెంట వెళ్లాలి. కోడలి ఆఫీసు మీటింగులు, వీడి క్లయింటు కాల్స్ తప్పించి చూస్తే, పోస్టాఫీసులో వచ్చే గురువారం పొద్దున పదకొండింటికి ఒక స్లాటు దొరికింది. ఫొటో ఇంట్లో తియ్యొచ్చా అని నన్నడిగాడు. తెల్లగోడ ముందు నిలబెట్టమన్నాను.